కాన్సెప్ట్ ఆల్బమ్‌కి కథ కావాలా, మకుటం కావాలా

ఎనిమిది పాటలతో ఒక కాన్సెప్ట్ ఆల్బమ్, అంటే పాటలన్నీ ఒకే తలంపు చుట్టూ తిరిగే ఆల్బమ్, చేస్తున్నామని ఎవరన్నా అంటే అనంతపురంలో గానీ కడపలో గానీ ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "కథ ఏంది?" పాటలన్నీ ఒకే గొలుసులో ఉండాలంటే ఒక మనిషి ఉండాలి, వాడికో కష్టం రావాలి, చివర ఏదో ఒకటి తేలాలి, ఇదంతా సాహిత్యం వింటుంటేనే అర్థమైపోవాలి అన్నది మనలో బాగా నాటుకుపోయిన లెక్క. సినిమా పాటతో పెరిగిన చెవులకు అలా అనిపించడం సహజం. కానీ సినిమా పాట కథను మోసింది తక్కువ. కథను సీన్లు మోస్తాయి, పాట ఆ సీను దగ్గర కాసేపు నిలబడుతుంది. సీన్లు తీసేసి పాటల్నే కథ చెప్పమంటే చరణాలు వార్తల్లా తయారవుతాయి, పల్లవికి పని ఉండదు, రెండోసారి వినబుద్ధి కాదు.

నా అభిప్రాయం ముందే చెబుతా. కాన్సెప్ట్ ఆల్బమ్‌కి సాహిత్యంలో స్పష్టమైన కథ అక్కర్లేదు. చెవికి అందే ఒక మకుటం, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చి పాటలన్నిటినీ కట్టే గుర్తు, మాత్రం తప్పదు. కథ కావాలనుకుంటే పెట్టుకోవచ్చు, అయితే దాని చోటు పాటకూ పాటకూ మధ్య.

ఈ పద్ధతి మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసి ఆడించే కుటుంబాలు ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటను చెవులు పెట్టి వింటే ఎవరి పని ఏదో తెలుస్తుంది. కథ ముందుకు జరిగేది వచనంలో, బొమ్మల సంవాదంలో. పద్యమో పాటో ఎత్తుకున్నారంటే కథ అక్కడ ఆగిందని గుర్తు. సీత అశోకవనంలో ఎందుకుందో పాట చెప్పదు, ఉండటం ఎట్లా ఉందో చెబుతుంది. బుర్రకథలో కథకుడు పాడుతూనే కథ నడిపినా, మెలికలు విప్పేది పక్కన నిలబడే వంతలు మధ్యలో వేసే ప్రశ్నలు, వాటికి అతను చెప్పే జవాబులు. వంతల్ని తీసేసి కథకుడి పాట ఒక్కటే రికార్డు చేస్తే సగం కథ జారిపోతుంది.

ఇంకొక సంగతి: బొమ్మలాటకు కూర్చున్న జనానికి రామాయణం ముందే తెలుసు. అందుకే ఆడించేవాళ్ళు ఒక్క ఘట్టం దగ్గర ఎంతసేపైనా నిలబడగలరు. తెలిసిన కథకూ కొత్త కథకూ ఉన్న ఈ తేడాను ఆల్బమ్ మొదలుపెట్టేవాళ్ళు ముందే తూచుకోవాలి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద ఎనిమిది పాటలు కట్టండి. 1846లో తిరుగుబాటు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి, ఇవి కర్నూలు, నంద్యాల వైపు పాటలో చెప్పనక్కర్లేదు. జనం నోట పదాలుగా ఇప్పటికే ఉన్నాయి. అదే ఆల్బమ్ శ్రీకాకుళంలో వినేవాళ్ళకు రెండు మూడు ముక్కల వచనం కావాలి. మీరే కల్పించిన కొత్త మనిషి కథ అయితే ఎవరికైనా కావాలి. వచనం పెట్టకుండా, ఆ వివరమంతా చరణాల్లోకి తోసినప్పుడే పాట చెడుతుంది.

కథ అసలు లేకుండా వంద ముక్కల్ని ఒకటిగా కట్టే విద్య కూడా మనకుంది. దాని పేరు శతకం. పద్యాలు వందకు తగ్గవు, మామూలుగా 108. ప్రతి పద్యం ముక్తకం, అంటే ముందు పద్యం చదవకపోయినా తనంతట తాను నిలబడుతుంది. వాటిని కట్టేది మకుటం. బ్రౌను దొర 1829లో వేమన పద్యాలు 693 అచ్చు వేయించాడు. ఆ వరుస వేమన పెట్టింది కాదు. ఏ పద్యం ముందు, ఏది వెనక అన్నదానితో పని లేకుండా అందరి నోళ్ళలో అవి ఒకే పుస్తకంగా నిలిచాయి, చివరి పాదం ఒక్కటే కాబట్టి, మాట్లాడే గొంతు ఒక్కటే కాబట్టి. తాళ్ళపాక అన్నమయ్య సంకీర్తనలదీ ఇదే దారి. రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మ గారు వందకు పైగా కీర్తనలకు వరుసలు కట్టారు. వేర్వేరు రాగాల్లో, వేర్వేరు వరుసల్లో విన్నా అన్నీ ఒక్కరివేనని వేంకటేశ్వరుడి ముద్ర దగ్గర తెలిసిపోతుంది.

కాబట్టి దారులు రెండు. ఒకటి బొమ్మలాట దారి: కథ ఉంది, దాన్ని వచనం మోస్తుంది. రెండోది శతకం దారి: కథ లేదు, మకుటం కడుతుంది. పాశ్చాత్య ఆల్బమ్‌లలో నిలిచినవి చూసినా ఈ రెండు దారులే కనబడతాయి.

అమెరికా గాయకుడు ఫ్రాంక్ సినాట్రా 1955లో 'ఇన్ ద వీ స్మాల్ అవర్స్' చేశాడు. 16 పాటలు, రాసినవాళ్ళు వేరు, రాసిన కాలాలు వేరు. కథ లేదు. అన్నీ అర్ధరాత్రి దాటాక నిద్రపట్టని మనిషి పాటలు, నెల్సన్ రిడిల్ వాద్యగోష్ఠి ఆ వేళను ఎక్కడా వదలదు. అక్కడ మకుటం ఆ వేళే. ఇంగ్లీషు రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ చేసిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' (1973) పది ముక్కలు. కాలం, డబ్బు, చావు, మతి చెదరడం, ఇవీ విషయాలు; మనిషి పేరంటూ ఒక్కటీ లేదు. ఒక ముక్కలో గాయని మాటలే లేకుండా గొంతుతోనే పాడుతుంది. మొదట్లో వినిపించే గుండె చప్పుడే చివర్లోనూ వినిపిస్తుంది, అది మకుటం. మధ్యమధ్య వినిపించే మాటలు స్టూడియోలో ఉన్నవాళ్ళకు ప్రశ్నలు రాసిన కార్డులు చూపించి రాబట్టిన జవాబులు. కథ చెప్పని వచనం కూడా ఆల్బమ్‌ను కట్టగలదని దాన్ని వింటే తెలుస్తుంది.

కథ ఉన్నవాటిలో 'టామీ' (1969) గట్టి ఉదాహరణ. చూపు, వినికిడి, మాట లేని కుర్రాడి కథ, ద హూ బృందం రెండు ఎల్పీ రికార్డుల మీద పెట్టింది. కథంతా ఒక హత్య మీద ఆధారపడి ఉంది, తండ్రి తిరిగొచ్చి తల్లి ప్రియుణ్ణి చంపడం. ఆ చంపడం సాహిత్యంలో నేరుగా లేదు. నువ్వు చూడలేదు, వినలేదు అని పిల్లవాడికి నూరిపోయడమే ఉంది. 1975లో సినిమా తీసినప్పుడు దాన్ని తిరగేసి ప్రియుడే తండ్రిని చంపినట్టు చూపించారు, అయినా ఆల్బమ్ కట్టుబడి కూలిపోలేదు. కథకు ఇరుసు లాంటి సంఘటననే అటూ ఇటూ మార్చుకునేంత ఖాళీ మాటల్లో ఉందంటే, వినేవాళ్ళను పట్టి ఉంచింది కథ వివరం కాదన్నమాట. జెనెసిస్ బృందం 1974లో చేసిన 'ద లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే'కి ఆ బృందం గాయకుడు పీటర్ గాబ్రియెల్ కథ రాసి అట్ట లోపల అచ్చు వేయించాడు. అదీ వచనమే, కాకపోతే కాగితం మీద. ఇప్పుడు పాట ఫోన్లో వింటున్నాం, అట్ట తెరిచేవాళ్ళు లేరు, కాబట్టి ఆ దారిని నమ్ముకోవద్దు.

అమెరికా ర్యాప్ గాయకుడు కెండ్రిక్ లమార్ 2012లో చేసిన 'గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ'ని బుర్రకథ తెలిసినవాళ్ళు వింటే వెంటనే పట్టుకుంటారు. ఒక కుర్రాడు అమ్మ వ్యాను తీసుకుని బయటికి పోతాడు. అమ్మ ఫోన్లో వదిలిన సందేశాలు, స్నేహితుల మాటలు పాటల చివర్లలో వస్తాయి. కథ నడిచేది ఎక్కువగా అక్కడే, అదీ ముందువెనకలుగా. ముందు జరిగింది వెనక చెప్పే ఈ నేర్పు మనకు నంద్యాల ఆస్థానంలో పింగళి సూరన కళాపూర్ణోదయంలోనే దొరుకుతుంది. సూరన వాడింది పద్యం, చదివేవాడు వెనక్కి తిరిగి చూసుకోగలడు. వినేవాడు అంత తేలిగ్గా వెనక్కి పోలేడు, అందుకే కెండ్రిక్ వచనం చిన్నది, మళ్ళీ మళ్ళీ అదే అమ్మ గొంతు.

'సార్జెంట్ పెప్పర్' (1967) మాటేమిటని అడుగుతారు. బీటిల్స్ వేరే బృందంగా వేషం కట్టిన ఆల్బమ్ అది. వేషం మొదటి రెండు పాటల్లో ఉంది, చివరికి దగ్గర్లో పేరు పాట మళ్ళీ వచ్చినప్పుడు ఉంది, మధ్యలో లేదు. తన పాటలకు ఆ ఆలోచనతో సంబంధమే లేదని జాన్ లెనన్ తర్వాత చెప్పాడు. అయినా జనం దాన్ని ఒక్కటిగానే విన్నారు. మొదట్లోనూ చివర్లోనూ వచ్చే ఆ పాట చేసిన పని అది.

ఇక చేతిపనిలోకి దిగుదాం. అనంతపురం జిల్లా మెట్టచేలో ఒక శెనక్కాయ పంట మీద ఆల్బమ్ అనుకోండి. ఎనిమిది పాటలు, మొత్తం 38 నుంచి 42 నిమిషాలు. ఈ కొలత ఎల్పీ రోజుల నుంచి వచ్చింది, ఒక్కో వైపు 22 నిమిషాలు దాటితే గాడి సన్నబడి శబ్దం తగ్గేది. ఇప్పుడు ఆ కట్టడి లేదు గానీ, ఒక్క కూర్చోవడంలో వినగలిగిన కొలత కాబట్టి మంచిదే. సీడీ వచ్చి 74 నిమిషాలు దొరికాక చాలా ఆల్బమ్‌లు అవసరం లేని పాటలతో ఉబ్బిపోయాయి.

కథతో చేస్తే ఎట్లా ఉంటుంది? రైతు అప్పు తెస్తాడు, విత్తుతాడు, వాన రాదు, పంట పోతుంది. తలచుకోగానే చరణం ఇట్లా వస్తుంది:

జూన్ నెలలో అప్పు తెచ్చి గింజలు కొన్నాడు రైతన్న
జూలై నెలలో వాన పడితే గొర్రు కట్టి విత్తినాడు

ఇందులో తప్పు లేదు, ప్రాణమూ లేదు. నెల పేరు, పని పేరు, మనిషి పేరు మోసేసరికి పాదం నిండిపోయింది. ఒకసారి విన్నాక మళ్ళీ వినడానికి ఏమీ మిగలలేదు, ఎందుకంటే సమాచారం రెండోసారికి పాతబడుతుంది. దీన్నే ఇట్లా రాయొచ్చు:

గింజ బేరం జరిగేటప్పుడు గింజ మాట్లాడలేదు
వడ్డీ లెక్క రాసేటప్పుడు వాన మాట్లాడలేదు

అప్పు ఉంది, విత్తనం ఉంది, రాని వాన ఉంది. ఎవరు, ఎప్పుడు అన్నది లేదు. అది కావాలనుకుంటే ముందు పాట చివర ఇరవై సెకన్ల వచనంలో పెట్టుకోండి. తెలుగు మామూలు వేగంతో చెబితే ఇరవై సెకన్లకు 35 నుంచి 40 మాటలు పడతాయి, అంతకు మించితే అది నాటకం అవుతుంది.

కథ లేకుండా శతకం దారిలో చేయాలంటే వరుస ఇచ్చే దారం ఒకటి కావాలి. మనకు కార్తెలు ఉన్నాయి, నక్షత్రాల పేర్లతో రైతులు ఏడాదిని లెక్కపెట్టుకునే కాలాలు. ఒక్కో కార్తె 13, 14 రోజులు. పాటల పేర్లే రోహిణి, మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, మఖ, పుబ్బ, చిత్త అని పెడితే సేద్యం తెలిసినవాళ్ళకు కథ చెప్పనక్కర్లేదు. రోహిణిలో రోళ్ళు పగిలే ఎండ. జూలై మొదట్లో పునర్వసులో విత్తితే, 40 నుంచి 50 రోజులకు ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టేవి) దిగే సమయం ఆగస్టు రెండో సగంలో, అంటే మఖలో పడుతుంది. ఊడ భూమిలోకి దిగాలంటే నేల మెత్తగా ఉండాలి. అప్పుడు వాన లేకపోతే పూత ఉన్నా కాయ లేదు. మఖ, పుబ్బలు వరపైతే మహా కరువు అన్న సామెతలో ఉన్నది ఇదే. ఆరో పాట పేరు చూడగానే వినేవాడి గుండె ఒక్కసారి బిగుసుకుంటుంది, మనం ఒక్క మాట చెప్పకముందే. ఊరికి తెలిసిన దారం పట్టుకుంటే వచ్చే లాభం అదీ.

మకుటానికి ఒక పాదం కావాలి. ఉదాహరణకు: "మబ్బు పోతాంది మా ఊరి మీంద." మాత్రలు లెక్కపెడితే 3, 5, 5, 3, మొత్తం 16. ఎనిమిది దెబ్బల ఆదితాళంలో దెబ్బకు రెండు మాత్రల చొప్పున ఒక ఆవర్తనంలో, అంటే తాళం ఒక చుట్టులో, అతికినట్టు కూర్చుంటుంది. 'మీదుగా' అని శిష్టభాషలోకి మారిస్తే రెండు మాత్రలు పెరిగి ఆవర్తనం దాటుతుంది. మన యాసే ఇక్కడ తాళానికి సరిపోయింది. పన్నెండు మాత్రల ఆవర్తనం ఉన్న రూపకం పాటలో అయితే ఇది ఇమడదు. చివరి 'మీంద'ను సాగదీసి 24 మాత్రలు చేసి రెండు ఆవర్తనాల్లో సర్దాలి. సాగదీసినప్పుడు ఏడుపు వస్తుంది, కాబట్టి ఆ పాటలో ఏడుపు కావాలో వద్దో ముందే తేల్చుకోండి.

మాటలు అవే ఉండి అర్థం మారాలి. మొదటి పాటలో మబ్బు పోతోందంటే ఆశ, మఖలో అదే మాట నిట్టూర్పు. ఆ మార్పును రాగం తెస్తుంది. ఇక్కడ గ్రహభేదం వాడితే ఆల్బమ్ మొత్తానికి ఒకే అయిదు స్వరాలు సరిపోతాయి. మోహనం ఒకటో శ్రుతిలో తీసుకోండి. ఆ అయిదు మెట్లనే ఉంచి, తంబుర షడ్జమాన్ని దాని రిషభానికి జరిపితే మధ్యమావతి, గాంధారానికి జరిపితే హిందోళం, పంచమానికి జరిపితే శుద్ధసావేరి, ధైవతానికి జరిపితే శుద్ధధన్యాసి. హార్మోనియం మీద వేళ్ళు అవే మెట్ల మీద ఉంటాయి, ఆధారం మారినందుకే రంగు మారిపోతుంది. మృగశిరకు మోహనం, విత్తే పాటకు శుద్ధసావేరి, మఖకు హిందోళం, కాయలు పీకే చిత్తకు మధ్యమావతి. మధ్యమావతి మంగళం పాడే రాగం కాబట్టి ముగింపుకు చెవి దానంతట అదే ఒప్పుకుంటుంది. కథ లేదు, అయినా ఎనిమిది పాటలు ఒకే చేలో మొలిచినట్టు ఉంటాయి.

ఇందులో తప్పు జరిగే చోటు గొంతు. మోహనం ఒకటో శ్రుతిలో ఉంటే మధ్యమావతి 2, హిందోళం 3, శుద్ధసావేరి 5, శుద్ధధన్యాసి 6 శ్రుతిలోకి పోతాయి. ఒకటి, ఒకటిన్నరకు అలవాటైన మగ గొంతు ఐదులో పైస్థాయి అందుకోలేదు. స్థాయి కిందికి దించి పాడితే షడ్జం గొంతు అడుగుకు చేరి, దాని కింద మంద్రంలో తిరగడానికి చోటు ఉండదు. మార్గాలు రెండు: ఆ రెండు పాటల వరుసను షడ్జం నుంచి తార పంచమం లోపలే కట్టడం, లేదా ఐదు, ఐదున్నర శ్రుతిలో హాయిగా పాడే ఆడగొంతుకు ఇవ్వడం. రెండోదే మేలు. విత్తే పాట ఆడగొంతులో వస్తే చేలో గొర్రు వెనక నడిచే మనిషి కనబడుతుంది, అదీ కథ చెప్పకుండానే. ఏదైనా ముందు కష్టమైన పాటకు శ్రుతి ఖాయం చేసుకుని, దాన్నిబట్టి మిగతావి లెక్కకట్టాలి. మోహనంతో మొదలుపెట్టి చివరికి హిందోళం దగ్గర ఇరుక్కుని ఒక్క పాట శ్రుతి అర మెట్టు మార్చారంటే గొలుసు అక్కడ తెగుతుంది.

మకుటం పాదాన్ని అన్ని పాటల్లోనూ ఒకే గాయకుడు పాడేటట్టయితే, ఆ ముక్కలన్నీ ఒకే పూట రికార్డు చేయండి. మైకుకు జానెడు దూరం, అదే గది, అదే కోణం. పది రోజుల తేడాతో తీస్తే గొంతు బరువు మారి, మకుటం ప్రతిసారీ కొత్త మనిషి అన్నట్టు వినబడుతుంది.

వాద్యాల్లో ఈ ఆల్బమ్‌కు పుట్టుకతోనే తగినది ఉరుము. అనంతపురం వైపు ఉరుముల నృత్యంలో వాడే డోలు. ఒక మూతిని పుల్లతో రాస్తూ, రెండో మూతిని కొడుతూ వాయిస్తే నిజంగానే మబ్బు గర్జించినట్టు ఉంటుంది. రోహిణి పాటలో ఆ రాపిడి ఒక్కటే, దూరంగా, దెబ్బ లేకుండా. మృగశిరలో పూర్తి దెబ్బ. పుష్యమిలో పల్చబడుతుంది. మఖలో అసలు లేదు. ఆ పాటలో ఉరుము లేదని ఎవరూ చెప్పరు, కానీ ఐదు పాటలు విన్న చెవి దానికోసం ఎదురుచూస్తుంది. వాన రాలేదని చరణంలో రాయడం కన్నా ఇది ఎక్కువ పని చేస్తుంది. ఒక జాగ్రత్త: ఫోన్ స్పీకర్లో 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ వినబడదు. ఉరుము దెబ్బ బరువంతా అక్కడే ఉంది. రాపిడి చప్పుడు పైన ఉంటుంది కాబట్టి దాన్ని విడి మైకుతో తీసి మిక్సులో కాస్త ముందుకు తేవాలి. లేకపోతే హెడ్‌ఫోన్లో ఉన్న మకుటం ఆటోలో మాయమవుతుంది. మఖ పాటలో లేకపోవడం తెలియాలంటే మిగతా పాటల్లో ఉండటం తెలియాలి కదా.

నడక సంగతి. పాటల వేగాలు ఇష్టం వచ్చినట్టు పెట్టకుండా ఒకదానికొకటి లెక్కలో ఉంచితే అతుకులు నున్నగా వస్తాయి. నిమిషానికి 72 దెబ్బల పాట తిస్రంలో, అంటే దెబ్బను మూడుగా విడదీసి, ముగిస్తే నిమిషానికి 216 చిన్న దెబ్బలు. వాటిని రెండేసి పట్టుకుంటే 108తో తర్వాతి పాట మొదలవుతుంది. 72నే చతురస్రంలో, అంటే దెబ్బను నాలుగుగా విడదీసి, ముగిస్తే 288. మూడేసి పట్టుకుంటే 96. చెక్కభజన చేసేవాళ్ళు అడుగు మార్చేటప్పుడు చేసేది ఈ లెక్కే, కాగితం లేకుండా. మఖ నుంచి పుబ్బకు మాత్రం లెక్క తెంచండి, అక్కడ రెండు మూడు సెకన్ల నిశ్శబ్దం ఉంటేనే బాగుంటుంది.

అతుకులు కంప్యూటర్లో బాగుండి, బయటికి వెళ్ళాక చెడిపోవడం చాలామందికి ఎదురయ్యేదే. కారణం ఎంపీ3. దానిలోకి మార్చేటప్పుడు ఫైలు మొదట్లో, చివర్లో చిన్న నిశ్శబ్దం చేరుతుంది, రెండు పాటల మధ్య తంబుర నాదం చిటుక్కున తెగుతుంది. అందుకే ఆల్బమ్ మొత్తం ఒకే పొడుగు ఫైలుగా మిక్సు చేసి, ఆ తర్వాత పాటలుగా కోసి, ఆ నిశ్శబ్దం చేరని వేవ్ గానీ ఫ్లాక్ గానీ ఫైళ్ళుగా ఇవ్వాలి. కోసే చోటు శబ్దపు అల సున్నా దాటే బిందువు దగ్గర ఉండాలి. సీడీ కూడా వేయించేటట్టయితే ఇంకొక లెక్క: సీడీ సెకనును 75 ముక్కలుగా చూస్తుంది, ఒక్కో ముక్క 588 శాంపిళ్ళు, అంటే శబ్దాన్ని కొలిచిన అంకెలు. ఆ గుణిజంలో కోయకపోతే మిగిలిన ఖాళీని సున్నాలతో నింపి టక్కుమనిపిస్తుంది. సీడీ రాసేటప్పుడు పాటల మధ్య మామూలుగా పడే రెండు సెకన్ల ఖాళీని కూడా తీసేయించాలి.

వచనం ముక్క ఎక్కడ అతికించాలి? ముందు పాట చివర. తర్వాతి పాట మొదట్లో పెడితే ఆ పాటను విడిగా వినేవాళ్ళు ప్రతిసారీ ఆ ఇరవై సెకన్లు భరించాలి, రేడియోలో వేసేవాళ్ళు కోసేస్తారు. విడి ట్రాకుగా పెట్టొచ్చు గానీ స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక వినికిడిగా లెక్క, చిన్న వచనం ఆ లెక్కలోకి రాదు. డబ్బు సంగతి పక్కన పెడితే అదేమంత నష్టం కాదు.

శబ్దం స్థాయి ఆల్బమ్ మొత్తానికి ఒకేసారి చూసుకోవాలి. స్పాటిఫై పాటల్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినబడే శబ్ద తీవ్రత కొలత) దగ్గరికి తెస్తుంది. ఆల్బమ్‌ను వరుసగా వింటే పాటల మధ్య తేడాను అలాగే ఉంచుతుంది; కలగాపులగంగా వింటే ఒక్కో పాటను విడిగా సర్దుతుంది. మెల్లగా ఉండాల్సిన మఖ అప్పుడు మృగశిరతో సమానంగా మోగుతుంది. దీనికి మందు లేదు. అందుకే మఖలోని వెలితిని శబ్దం తగ్గించి చూపించడం కన్నా వాద్యం తీసేసి చూపించడం నమ్మకమైన పని.

పాటలు కుదిరాయో లేదో చూడటానికి నోట్సు చదవని ముగ్గురికి వినిపించండి. ఏం జరిగిందని అడగొద్దు. ఇది దేని గురించి అని అడగండి. ముగ్గురూ వాన అంటే మకుటం పని చేసినట్టే. ఒకరు వాన, ఒకరు ప్రేమ, ఒకరు అప్పు అంటే మకుటం పాదం తక్కువసార్లు వచ్చిందన్నమాట, లేదా మిక్సులో కూరుకుపోయింది. తర్వాత మూడో పాటనూ ఆరో పాటనూ మార్చి మళ్ళీ వినిపించండి. శతకం దారి ఆల్బమ్‌లో అర్థం చెడకూడదు, కానీ ఏదో ఎగుడుదిగుడుగా ఉందని చెవి చెప్పాలి. చెప్పలేదంటే రాగాల వరుస, ఉరుము రాకపోకలు ఇంకా కుదరలేదు. బొమ్మలాట దారి ఆల్బమ్‌లో వరుస మార్చినా ఎవరికీ తెలియకపోతే వచనాన్ని మళ్ళీ రాయాలి, చరణాలను ముట్టుకోవద్దు. ఇక్కడే చాలామంది చరణాల్లో ఇంకో రెండు వివరాలు పెంచుతారు, అంతవరకు బాగున్న పాట కూడా పోతుంది.

యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు విడి వీడియోలతో పాటు మొత్తం 40 నిమిషాలదీ ఒకటి పెట్టండి. వివరణలో కార్తెల పేర్లు సమయాలతో రాస్తే అధ్యాయాలుగా విడిపోతాయి. మొదటి సమయం 0:00 ఉండాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకూడదు. చివరి పాట ముగింపు గురించి ఒక సూచన. పింక్ ఫ్లాయిడ్ 'ద వాల్' (1979) చివర్లో ఒక వాక్యం సగంలో ఆగుతుంది, మిగతా సగం మొదటి పాట ముందు ఉంది. మన చిత్త పాట చివర మధ్యమావతిలో "మబ్బు పోతాంది" వరకే పాడి, కింద ఉరుము రాపిడిని ఏడెనిమిది సెకన్లు ఒంటరిగా వదలండి. రోహిణి మొదలయ్యేది అదే రాపిడితో కాబట్టి, రిపీట్‌లో పెట్టుకున్నవాళ్ళకు మిగిలిన "మా ఊరి మీంద" కొత్త ఏడాది రోహిణిలో వినబడుతుంది.